పారేసిన నంబరు

తిరుమలగిరిలో బస్సు దిగి స్వర్ణ జిరాక్స్ ఎక్కడని ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ స్వర్ణను నేనే. బోర్డు మీద జిరాక్స్ అని ఉంది గానీ ఇప్పుడు జరిగేదంతా ఆన్‌లైన్ పని. పెన్షన్లు, కులం సర్టిఫికెట్లు, పిల్లల దరఖాస్తులు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని కొడుతుంటాను, వచ్చినవాళ్ళు నా తలలో పేలు చూస్తున్నట్టు వెనక నిలబడి వంగి చూస్తుంటారు. పక్క గదిలో మా ఆయన సాల్మన్ ఫోన్లు రిపేరు చేస్తాడు. ఆయన శాంతమూర్తి. మా ఇద్దరికీ సరిపడా కోపం దేవుడు నాకే ఇచ్చాడు.

పుష్ప గురించి చెప్పాలి. ఆ పిల్ల గురించి చెప్పేవాళ్ళు వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళు చెప్పేది వేరు. అందుకే నేను చెప్తున్నాను.

వాళ్ళది మా మండలంలోనే చిన్న ఊరు. గొల్లవాళ్ళు. తండ్రి గోపయ్యకు గొర్లే లోకం. వానలు పడి చేలల్లో పత్తి లేస్తే ఊరి చుట్టుపక్కల మేపే జాగా ఉండదు. అందుకని మందను తోలుకుని హుజూర్‌నగర్ అవతల కృష్ణ ఒడ్డు గుట్టల దిక్కు పోతాడు. కోతలయ్యాక ఎరువు కోసం పిలిచిన రైతుల పొలాల్లో మంద పెట్టుకుంటూ తిరుగుతాడు. ఆయన వెంట ఒక బటన్ల ఫోను పోతుంది. ఎవరి బోరు దగ్గర కరెంటు దొరికితే అక్కడ స్టార్టరు డబ్బాకు తగిలిస్తాడు. ఎత్తితే ఎత్తినట్టు, లేకపోతే లేదు. వచ్చిన మెసేజి చదువుకునే చదువు ఆయనకు లేదు. తల్లి సత్తమ్మ కైకిలికి, చేలల్లో కూలికి పోతుంది. ఆమెకు ఫోనే లేదు.

కొడుకు నరసింహకు మాత్రం పొట్టేలును అమ్మి టచ్ ఫోను కొనిచ్చారు. డిగ్రీ సగంలో ఆపేశాడు. ఎందుకురా ఆపావంటే నెట్టులో బిజినెస్ నేర్చుకుంటున్నానన్నాడు. ఏ బిజినెస్సో ఆ లింగమంతుల స్వామికే తెలియాలి. పొద్దున లేచి పక్క మీదే మొదలుపెడితే మధ్యాహ్నానికి ఆ రోజు నెట్టు అయిపోతుంది. ఆ తర్వాత మా షాపు గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఒక్కడే కాదు, ఇలాంటివాళ్ళు ఒక మంద. మా వైఫై గోడ దాటి ఎంత దూరం వస్తుందో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. తలలు దించుకుని వేళ్ళు కదుపుతుంటారు. పక్కన బస్సు వచ్చినా, పాము వచ్చినా తెలియదు.

ఈ పిల్లగాళ్ళకు సిమ్ము అంటే తిన్న విస్తరాకు. బస్టాండు మూల మీద గొడుగేసుకుని సిమ్ములు అమ్మేవాళ్ళు కూర్చుంటారు. కొత్త సిమ్ము తీస్తే నెల రోజుల నెట్టు ఊరికే. పాతదానికి రీచార్జి చేసేకంటే కొత్తది తీసుకోవడమే లాభం. వేలిముద్ర వేస్తారు, కొత్తది తీసుకుంటారు, పాతది పడేస్తారు. వాళ్ళ నంబరు వాళ్ళకే నోటికి రాదు. ఎవరైనా అడిగితే, "ఆగు, నీకు మిస్‌డ్ కాల్ ఇస్త" అంటారు.

పుష్పకు ఫోను లేదు. ఆడపిల్లకు ఫోనెందుకని ఇంట్లో మాట. ఆ పిల్ల ఇంటర్ బైపీసీ. నర్సు కావాలన్నది ఒక్కటే పట్టు. వాళ్ళ ముసలవ్వ కాలు కుళ్ళి నెల రోజులు దవాఖానలో ఉన్నప్పుడు తోడున్నది ఈ పిల్లే. అక్కడ ఒక నర్సమ్మ పుండు కడిగే తీరు చూసి, నేనూ ఇదే పని చేస్తానని వచ్చింది. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి.

చదువుకు నెట్టు ఎట్లా అంటే, అన్న అన్నం తినేంతసేపు ఫోను చెల్లెలిది. ఆ కాసేపట్లో పాఠాల వీడియోలు రెట్టింపు వేగంతో తిప్పుకుని చూసేది. మాటలు వినిపిస్తే కసురుకుంటాడని చప్పుడు బంద్ పెట్టి, సారు బోర్డు మీద గీసే బొమ్మలు చూసి గుర్తుపెట్టుకునేది. ఇంకో ఉపాయం కూడా చేసేది. నరసింహ చేయి కడుక్కోబోతుంటే, "అన్నా, జర ఆగు, ఇంకింత పులుసు ఉన్నది, కాగబెట్టి తెస్త" అనేది. పులుసు కాగేలోపు ఇంకో పాఠం. వాడు బలిశాడు, ఈమెకు మార్కులొచ్చాయి. ఈ సంగతి పుష్పే నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

పోయిన ఏడాది చలికాలం చివర ఎంట్రెన్సు దరఖాస్తుకు అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ వచ్చారు. అన్నీ కొట్టాక మొబైల్ నంబరు గడి వచ్చింది. నా నంబరు వేద్దామంటే కుదరదు, ఏడాదికి ఒక నంబరు ఒక్క దరఖాస్తుకే. మా ఇద్దరి నంబర్లూ ఎప్పుడో ఎవరివో దరఖాస్తులకు పోయాయి.

"నాదే ఎయ్యక్కా, నేను చూసి చెప్తగ" అన్నాడు నరసింహ. బయట గోడకు ఆనుకుని ఉన్న ఒక దోస్తుకు మిస్‌డ్ కాల్ ఇచ్చి, వాడి ఫోనులో చూసి నంబరు చెప్పాడు. పుష్ప దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

"ఈ సిమ్ము పారేయకురా నాయనా, అన్నీ దీనికే వస్తాయి" అని నేను గట్టిగానే చెప్పాను. తలూపాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం పుష్ప హాల్ టికెట్ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకు పత్తి చేను బురద అట్లాగే ఉంది. సీట్ల లిస్టు వచ్చిందట. తోటి పిల్ల ఎవరో చెప్తే తెలిసింది. తీసి చూశాను. నల్లగొండలో సర్కారు నర్సింగ్ కాలేజీ, హాస్టలుతో సహా. నేను లేచి ఆ పిల్లను గట్టిగా పట్టుకున్నాను. బురద నా చీరకూ అంటింది.

ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. సీటు వచ్చినవాళ్ళు చేరుతున్నామని ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. సాయంత్రం ఐదు వరకే గడువు, అదే ఆఖరి రోజు. ఒప్పుకోవాలంటే దరఖాస్తులో ఉన్న నంబరుకు ఓటీపీ వస్తుంది, ఆ ఆరంకెలు కొట్టాలి. నంబరు మార్చుకోవాలంటే మనిషి నల్లగొండ పోయి సంతకం పెట్టాలి. బస్సుల మీద పోతే చేరేసరికి చీకటి పడుతుంది.

గోడ అవతల ఉన్న నరసింహను కేకేశాను. వచ్చాడు.

"ఆ సిమ్ము ఏదిరా?"

"గా సిమ్మా? గది ఎండకాలమే పారేసిన గదక్కా."

"ఎక్కడ పారేశావు?"

"మా దోస్తు పెండ్లిల మటన్ తిన్నంక పండ్ల సందుల ఇరుక్కుంటె గా సిమ్ముతోటే తీసి పారేసిన. గిప్పుడు యాడ దొరుకుతది?"

పుష్ప వాణ్ణే చూస్తోంది. వాడు కాసేపు కాళ్ళు మార్చి మార్చి నిలబడి, "అక్కా, మీ వైఫై పాస్‌వర్డ్ మార్పిన్రా? కలుస్తలేదు" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి గురించి విన్నాను గానీ, ఆ రోజు కళ్ళారా చూశాను. బయటికి పొమ్మన్నాను.

సాల్మన్ పక్క గదిలోంచి వచ్చి, వాడకుండా వదిలేసిన నంబర్లను కంపెనీవాళ్ళు కొన్ని నెలలకు వేరేవాళ్ళకు ఇస్తారని చెప్పాడు. "ఒకపారి చేసి చూడరాదు?" అన్నాడు. చేశాను. మోగింది. ఎవరో కుర్రాడు ఎత్తాడు. వెనక గిన్నెల చప్పుడు.

"ఎవరు? నాది కొత్తకోట. హైవే మీద హోటల్ల పనిచేస్త. మీరెవలు?"

నేను ఉన్నదంతా చెప్పాను. ఓటీపీ అన్న మాట వినగానే గొంతు మారింది. "గిట్లనే మా మామకు ఫోన్ చేసి బ్యాంకుల ఉన్నదంత ఊడ్చుకపోయిన్రు. నాకు తెల్వదనుకుంటున్నవా?" అని కట్ చేశాడు. వాణ్ణి తప్పుపట్టలేను. ఓటీపీ ఎవరికీ చెప్పకండని పొద్దస్తమానం మన చెవుల్లో ఊదుతూనే ఉన్నారు కదా. చెప్పిన మాట విని నడుచుకునే పిల్లగాడు వాడు.

పుష్ప నా చేతిలోంచి ఫోను తీసుకుంది. మళ్ళీ తనే చేసింది. "అన్నా, కట్ చెయ్యకు. నీ కాల్మొక్త, ఒక్క మాట ఇను. గా నంబరు ముందుగాల మా అన్నది. నాకు నర్సు సీటొచ్చింది. ఐదు దాటితె పోతది" అంది. అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"నిజంగ సదువుకునే పిల్లవైతె వీడియో కాల్ చెయ్. హాల్ టికెట్ సూపియ్యి" అన్నాడు.

పుష్ప నా వైపు చూసింది. చెయ్యమన్నాను. ఆ పిల్ల జన్మలో వీడియో కాల్ మాట్లాడలేదు. చున్నీతో మొహం తుడుచుకుని, హాల్ టికెట్ గడ్డం కింద పెట్టుకుని కూర్చుంది. తెరమీద ఒక సన్నటి కుర్రాడు, మెడలో తువ్వాలు, ముందర ఉల్లిగడ్డల కుప్ప, ఉల్లిఘాటుకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. టికెట్టు మీది ఫోటోను, మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "నువ్వే. సరె చెల్లె, పంపియ్యమను" అన్నాడు. చెల్లె అన్నాడు, నా చెవులతో విన్నాను.

నేను ఓటీపీ పంపే బటను నొక్కాను. "వచ్చింది, రాస్కో" అన్నాడు. మూడు. ఎనిమిది. రెండు.

నరసింహ అప్పుడే లోపలికి వచ్చాడు. చెల్లెలి భుజం మీదుగా తెర చూశాడు. ఫోను గుంజుకున్నాడు. "ఎవడ్రా నువ్వు? మా చెల్లెతోని వీడియోల మాట్లాడుతవా?" అని మొదలుపెట్టి, ఆ పిల్లగాడి తల్లిని పట్టుకుని అన్న మాటలు నేను రాయలేను. నేను లేచి గుంజుకునేలోపే అయిపోయింది. తెరమీద ఉల్లిగడ్డలు పోయాయి.

మళ్ళీ చేశాను. మోగలేదు, నా నంబరును బ్లాక్ చేశాడు. సాల్మన్ ఫోనుతో చేశాం. "అమ్మను తిట్టిపిచ్చుకునుడు నాకేం పని? ఇంకోపారి చేస్తె పోలీసులకు చెప్త" అని పెట్టేశాడు. తర్వాత ఫోను బంద్. మేం చేస్తూనే ఉన్నాం. ఐదయింది. ఆ పేజీ మీద బటను బూడిద రంగయింది.

నేను నరసింహ చెంప మీద లాగి ఒకటి ఇచ్చాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

వాడు చెంప పట్టుకుని, "మొగోడెవడో మా చెల్లె మొహం సూస్తుంటె ఊకుంటనా అక్కా?" అన్నాడు.

"పొద్దందాక నీ ఫోన్ల ఎవరి చెల్లెల మొహాలు సూస్తున్నవ్‌రా?" అన్నాను.

మర్నాడు పొద్దున నా వాట్సాప్‌కు కొత్తకోట నుంచి మెసేజి. ఆరంకెలూ పెట్టాడు. కింద, "కోపంల ఫోన్ బంద్ పెట్టినక్కా. తప్పయింది. ఆ పిల్లకు సీటు దొరికిందా?" అని. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. మాకేమీ కాని ఒక పిల్లగాడు రాత్రంతా బాధపడ్డాడు. తోడబుట్టినవాడు ఆ రాత్రి పెందలాడే పడుకున్నాడట, సత్తమ్మే చెప్పింది. లేటయింది తమ్ముడూ అని రాశాను. మళ్ళీ ఏమీ రాలేదు.

ఊళ్ళో మాత్రం కథ వేరేగా నడిచింది. జిరాక్స్ షాపులో కూర్చుని పుష్ప ఎవడితోనో వీడియోలో మాట్లాడుతుంటే అన్న పట్టుకున్నాడట. వాణ్ణి కడిగేశాడట. మొగపిల్లగాడు ఉండబట్టి ఇంటి ఇజ్జత్ నిలబడిందట. గుట్టల్లో ఉన్న గోపయ్యకు ఫోనులో చేరింది కూడా ఇదే ముచ్చట. చెప్పింది నరసింహే. సీటు మాట అందులో ఎక్కడా లేదు. సత్తమ్మకు నేను అసలు సంగతి రెండుసార్లు చెప్పాను. విన్నది, కళ్ళు తుడుచుకుంది. "మొగోళ్ళకు నేనేం చెప్త స్వర్ణా" అని పోయింది.

పుష్ప ఆ ఏడాది పత్తి ఏరింది. ఇంటి దగ్గర విడిచిన గొర్రెపిల్లలను సాకింది. ఒకసారి మిరపపొడి కొనడానికి వచ్చి నా దగ్గర ఆగింది. "అక్కా, గా లిస్టు ఇంకా కనపడ్తదా?" అని అడిగింది. తీశాను. పేరు ఉంది, కాలేజీ పేరు ఉంది, పక్కన రద్దు అని ఉంది. ఆ పిల్ల తన పేరును వేలితో ముట్టుకుని వెళ్ళిపోయింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు వచ్చినవాళ్ళందరినీ కసిరాను.

మొన్న పెద్దగట్టు జాతరకు గోపయ్య ఇంటికి వచ్చాడు. లింగమంతుల స్వామికి రెండేళ్ళకోసారి చేసే జాతర, గొల్లవాడన్నవాడు ఎంత దూరంలో ఉన్నా మందను ఎవరికైనా అప్పజెప్పి రావాల్సిందే. సత్తమ్మ ఏం బతిమాలిందో, ఇంకొక్కసారి ఎంట్రెన్సు రాయనియ్యమని ఒప్పించింది. జాతర అయిన వారానికి తండ్రీ కొడుకూ కూతురూ ముగ్గురూ నా షాపుకు వచ్చారు. కూతురు ఒక్కతే రావడానికి లేదిప్పుడు.

పుష్ప కుర్చీలో కూర్చోలేదు, నా వెనక నిలబడింది. పేరు కొట్టాను, తండ్రి పేరు కొట్టాను, మార్కులు కొట్టాను. నంబరు గడి వచ్చింది. మా ఇద్దరి నంబర్లూ ఈ ఏడాది కూడా ముందే వేరేవాళ్ళకు పోయాయి. నా చెయ్యి ఆగింది.

"పెదనాయినా, పిల్ల పేరు మీదనే ఒక సిమ్ము తియ్యరాదు? గొడుగు కిందనే ఇస్తున్నరు" అన్నాను గోపయ్యతో. ఆయన మంచివాడే. నెమ్మదిగానే చెప్పాడు.

"ఆడివిల్ల నంబరు పదిమంది చేతుల పడితె బాగుంటదా బిడ్డా? ఒకపారి అయ్యింది సాలదా? మా పిల్లగాని నంబరు ఎయ్యి."

నరసింహ జేబులోంచి ఫోను తీశాడు. "కొత్తదక్కా, జాతర్ల తీసిన. ఇంక నోటికి రాలేదు. ఆగు, నీకు మిస్‌డ్ కాల్ ఇస్త."

నా వెనక పుష్ప గొంతు వినిపించింది. ఏడాదిలో ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడడం నేను వినలేదు.

"గీ నంబరు గూడ ఎండకాలందాక ఉండదు అక్కా. గా పాతదే ఎయ్యి. గా కొత్తకోటాయనైన పారెయ్యకుంట పెట్టుకున్నడు." అని పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

గోపయ్య మొహం నల్లబడింది. మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"వాని నంబరు నీకు ఇంకా యాదికున్నదా?"

పుష్పకు మొదట అర్థం కాలేదు. నాకూ కాలేదు. అర్థమయ్యాక నేను కుర్చీలోంచి లేచి అరిచాను. "వానిది కాదు పెదనాయినా, అది నీ కొడుకు నంబరు! దరఖాస్తుల రాసిచ్చింది నీ కొడుకే! నేనే కొట్టిన!" వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా మాటలాపి చూస్తున్నారు.

గోపయ్య కొడుకును అడిగాడు. "నీదేనారా గా నంబరు?"

పుష్ప అన్న మొహం వైపు చూసింది. పులుసు కాగబెట్టి పెట్టిన చెల్లె అది. ఒక్క మాట చాలు, అవునని. నరసింహ ఫోనులోంచి తలెత్తాడు, మళ్ళీ దించాడు.

"ఏమో నాయినా. నాకు యాదికి లేదు."

"నడువ్ ఇంటికి" అన్నాడు గోపయ్య కూతురితో. సర్టిఫికెట్లు నా బల్ల మీద నుంచి తనే ఏరుకుని చంకన పెట్టుకున్నాడు. పుష్ప చున్నీ తల మీదికి లాక్కుని తండ్రి వెనక మెట్లు దిగింది. నరసింహ వాళ్ళతో పోలేదు. గోడ దగ్గర తన జాగాలో కూర్చుని, దోస్తును వైఫై కలుస్తోందా అని అడుగుతున్నాడు.